చెప్పుకోదగ్గ జతలు

పుస్తకాలు పోగేసేవాణ్ని జనం పండితుడంటారు. తపాలాబిళ్లలు పోగేసేవాణ్ని అభిరుచి గలవాడంటారు. చెప్పులు పోగేసేవాణ్ని మాత్రం ఏమనాలో తోచక, గుమ్మం దగ్గర ఒకసారి ఎగాదిగా చూసి, "ఇంట్లో ఎంతమందుంటారండీ?" అని అడుగుతారు. మేం ఉండేది ఇద్దరం. కాళ్లు నాలుగు. జతలు, మా ఆవిడ లెక్క ప్రకారం, పంతొమ్మిది. నా లెక్క ప్రకారం పద్దెనిమిదే. ఆ పంతొమ్మిదోదాని గొడవ తరవాత మనవి చేస్తాను.

ఇన్నేళ్లూ పుస్తకాల మీద ఏవో సమీక్షలు రాశాను. చెప్పుల మీద ఎందుకు రాయకూడదని ఈమధ్యే అనిపించింది. ఆలోచించి చూడండి. పుస్తకానికీ అట్ట ఉంది, చెప్పుకూ అట్ట ఉంది. దానికీ కుట్టుంది, దీనికీ కుట్టుంది. రెండిటికీ చేసినవాడొకడు, అమ్మేవాడొకడు, అనుభవించేవాడొకడు. బైండింగు చూసి పుస్తకం కొన్నవాడూ, మెరుపు చూసి చెప్పులు కొన్నవాడూ ఇంటికొచ్చాక ఒకే రకంగా బాధపడతారు. అయినా పుస్తకానికి విమర్శకులున్నారు, చెప్పుకు లేరు. మన భాష కూడా దానికి అన్యాయమే చేసింది. చెప్పు తెగుతుందంటాం, చెప్పుదెబ్బ అంటాం, చెప్పుకింద తేలులా పడి ఉండమంటాం. దాని కష్టం గుర్తించిన మాట నాకు తెలిసి ఒక్కటే: ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడంటాం. అక్కడ కూడా జాలి తిరిగినవాడి మీదే!

విమర్శ అన్నాక ఒక కొలబద్ద ఉండాలి గదా. నా కొలబద్ద మా ఊరి గుట్ట. మా పాన్‌గల్, పాతవాళ్ల నోట పానగల్లు, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ ఏడు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఊరి నెత్తిన కోట ఉంది. రాజ్యాలు మారినప్పుడల్లా కొత్త యజమానిని చూసిన కోట. దానిమీదికి ఎక్కే దారి కొంత మెట్లు, కొంత బండ, మిగతాది కంకర. ఏ జతైనా సరే, దాంతో ఒకసారి పైకెక్కి దిగితే తప్ప దానిమీద అభిప్రాయం చెప్పను. దుకాణంలో తివాచీ మీద నాలుగడుగులు వేసి బాగుందనడం, అట్టమీది బొమ్మ చూసి నవల బాగుందనడం లాంటిది.

ముందుగా టైరు చెప్పులు. నా దగ్గరున్న వాటిలో మొరటుదీ, నాకు ఇష్టమైనదీ ఈ జతే. లారీ టైరును కోసి అట్ట, దాని ట్యూబును కోసి పట్టీలు, నాలుగు మేకులు. అంతే సరంజామా. పాలమూరు లేబరంటే దేశమంతా ఎరుగును. ఆనకట్ట ఎక్కడ కడితే అక్కడ, కాలవ ఎక్కడ తవ్వితే అక్కడ మావాళ్ల తట్టా పారా కనిపించేవి. గుంపు మేస్త్రీ వెనకాల రైలెక్కిన ఆ కాళ్లకు ఉన్నవి ఈ చెప్పులే. ముల్లు దిగదు, నీళ్లకు నానదు, కంకర మీద కోసుకుపోదు. నెల రోజులపాటు మడమ పక్కన చర్మాన్ని మాత్రం కొరుకుతుంది. ఆ తరవాత చెప్పు మెత్తబడుతుందో కాలు గట్టిపడుతుందో చెప్పలేం గాని ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

దీనికో విచిత్రమైన గుణముంది. అట్ట కింద టైరు గాళ్లు అలాగే ఉండిపోతాయి. మట్టిరోడ్డు మీద ఈ చెప్పులేసుకుని మనిషి నడిచిపోతే, వెనక చూసినవాడికి చిన్న లారీ ఏదో ఆగి ఆగి వెళ్లినట్టుంటుంది. ఈ చెప్పు మా పాలమూరుకే సొంతమని నేను చాలాకాలం గర్వపడ్డాను. తీరా చూస్తే వియత్నాంలో ఫ్రెంచివాళ్ల మీదా, అమెరికావాళ్ల మీదా పోరాడిన సైనికులు తొడిగినవీ టైరు చెప్పులేనట. హోచిమిన్ తానే తొడిగేవాడు గనక వాటికి ఆయన పేరే పెట్టారు. ఆఫ్రికాలోనూ ఉన్నాయి. లారీ ఎక్కడ ముసలిదై మూలబడితే అక్కడ బీదవాడు దాన్ని కాలికి తొడుక్కున్నాడన్నమాట. దీన్ని ఎవరు ముందు కనిపెట్టారన్న ప్రశ్న అనవసరం. జానపద గేయానికి కవి ఎవరని అడుగుతామా?

గుట్ట పరీక్షలో దీనికి నూటికి ఎనభై. ఆ తగ్గిన ఇరవై నున్నటి బండ మీద. అరిగిన టైరు లారీకైనా కాలికైనా జారుడే.

కాన్వాసు బూట్ల గురించి ఎక్కువ చెప్పను. తెల్లవి, బడిపిల్లలవి. వీటి పేరు చెబితే అందరికీ బాటాయే గుర్తొస్తుంది. బాటా అంటే ఏ బెంగాలీ పెద్దమనిషో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన చెక్ దేశస్థుడు. 1894లో జ్లీన్ అనే ఊళ్లో మొదలుపెట్టిన వ్యాపారం. కలకత్తా పక్కన ఏకంగా బాటానగర్ అని ఊరే వెలిసింది. పంద్రాగస్టు ముందురోజు రాత్రి ఆ బూట్లకు తడి సుద్ద పూసి కిటికీలో ఆరబెట్టడం, పొద్దున పెరేడులో కాలు నేలకు కొట్టగానే తెల్లటి దుమ్ము లేవడం, అంతవరకే దాని కవిత్వం. గుట్ట ఎక్కించాను. సగం దారిలో బొటనవేలు బయటికొచ్చి దృశ్యం చూసింది.

హవాయి చెప్పులంటే మాత్రం నాకు గౌరవం. తెల్ల అట్ట, నీలం పట్టీ. పేరు హవాయి దీవులది, పోలిక జపానువాళ్ల గడ్డిచెప్పుది, స్థిరనివాసం మన స్నానాల గది ముందు. ధర తక్కువనో, తేలికనో కాదు నా గౌరవం. ప్రపంచంలో ఇంత సులువుగా బాగుచేసుకోదగ్గ వస్తువు ఇంకోటి లేదు. గుండీ ఊడితే నోట్లో తడిచేసి మళ్లీ దూర్చొచ్చు. తెగితే కింద ఓ పిన్నీసు. పిన్నీసు కూడా ఓడిపోతే పట్టీలు విడిగా అమ్ముతారు. ఈ పని చదువుకోనివాడూ చేస్తాడు, డాక్టరూ చేస్తాడు, బస్సు దిగుతూ ఒంటికాలి మీద నిలబడి పెళ్లికూతురూ చేస్తుంది. నా మటుకు నేను మంచి రచనకు పెట్టే పరీక్ష కూడా అదే: ఒక మాట ఊడినా వాక్యం నడవాలి. పోతే, వానాకాలంలో వీపు మీద వీళ్లు వేసే బురద చుక్కల ముగ్గును క్షమించలేను. మా ఆవిడ అసలే క్షమించదు, ఉతికేది ఆవిడ గనక.

ఇక కొల్హాపురి. మా పక్కనే కొల్లాపురం ఉంది, మామిడిపళ్లకు పేరు. కొల్హాపురి చెప్పులు అక్కడే కుడతారని మా ఊళ్లో సగంమంది నమ్మకం. నేనూ నమ్మి, చిన్నప్పుడు కొల్లాపురం వెళ్లి అడిగి నవ్వులపాలయ్యాను. అసలుది మహారాష్ట్రలోని కొల్హాపూరు. ఆ చుట్టుపక్కలతో పాటు కర్ణాటకలోని బెళగావి, బాగలకోట వైపు కూడా కుడతారు. అందుకే 2019లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు అటు నాలుగు జిల్లాలకూ ఇటు నాలుగు జిల్లాలకూ కలిపి ఇచ్చారు. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే ఖరీదైన సంస్థ తన ప్రదర్శనలో అచ్చు ఇలాంటి చెప్పుల్నే మగపిల్లలకు తొడిగి నడిపించింది. ఎక్కణ్నుంచి తెచ్చారో మాత్రం చెప్పలేదు. ఇక్కడ గోల లేచాక, అవును, భారతదేశపు చేతిపని చూసే చేశామని ఒప్పుకుంది. సాహిత్యంలో దీన్ని ఛాయాగ్రహణం అంటాం. ఏ మాటకామాటే చెప్పాలి, మనం మాత్రం తక్కువా? ఆ గోల లేచేదాకా ఆ చెప్పు కుట్టిన మనిషి ఎలా బతుకుతున్నాడని మనలో ఎవరం అడిగాం?

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లనివ్వండి. చెప్పుల్ని తొడగకుండా దాచడంలో మనవాళ్లకు పెద్ద చరిత్రే ఉంది. మొదటివాడు భరతుడు. అన్నగారి పాదుకల్ని నెత్తిన పెట్టుకు తెచ్చి, నందిగ్రామంలో ఉండి, పద్నాలుగేళ్లు వాటి పేరుతో రాజ్యం చేశాడు. వేదాంతదేశికులవారు ఆ పాదుకల మీద వెయ్యినెనిమిది శ్లోకాలు చెప్పారు. ఒక జత మీద అంత పెద్ద సమీక్ష ఇంకే భాషలోనైనా ఉందేమో నేనెరగను. రెండోది కల్యాణ పట్నంలో. 12వ శతాబ్దంలో బసవన్న నడిపిన శరణుల మధ్య హరళయ్య అని చెప్పులు కుట్టే భక్తుడుండేవాడు. బసవన్న తనకు ఎదురు నమస్కరించాడన్న అప్పు తీర్చుకోలేక, ఆలుమగలిద్దరూ తమ తొడల చర్మం తీసి చెప్పులు కుట్టి తెచ్చారట. వాటిని తొడిగే అర్హత తనకు లేదన్నాడట బసవన్న. రాముడి పాదుకలకు పట్టాభిషేకం చేశాం, నాటకాలు రాసుకున్నాం, సినిమా తీసుకున్నాం. హరళయ్య జత కన్నడ నేల దాటి మన పిల్లల పాఠాల్లోకి రావడానికి ఎందుకో దారి దొరకలేదు. ఆ కల్యాణం 1956 దాకా మనతోపాటే హైదరాబాదు రాజ్యంలోనే ఉండింది మరి.

తొడగకుండా దాచడంలో మూడోవాడు మా మేనల్లుడు. అమెరికాలో డల్లాసులో ఉంటాడు. వాడు దాచేవి స్నీకర్లు. స్నీకరంటే చప్పుడు కాకుండా నడిచేదని అర్థం. రబ్బరు అడుగు గనక దొంగలా వెళ్లొచ్చని, వందేళ్లకు ముందే అక్కడివాళ్లు సరదాగా పెట్టిన పేరు. ఇప్పుడు వాటి చప్పుడే లోకమంతా. 1970ల మొదట్లో ఓరెగన్‌లో బిల్ బోవర్‌మన్ అనే పరుగుపందేల గురువు, మన గుంతపొంగనాల పెనం లాంటి ఇంట్లో పెనంలో రబ్బరు ద్రవం పోసి బూటుకు అడుగు చేయబోయి పెనాన్ని పాడుచేశాడు. ఆ ప్రయోగంలోంచి పుట్టిన 1972 నాటి నైకీ జత ఒకటి 2019లో న్యూయార్కు వేలంలో 4,37,500 డాలర్లు పలికింది. పెనం పాడైనందుకు ఆయన ఇల్లాలు ఏమందో గాని, మా ఇంట్లో అయితే వేలం దాకా వచ్చేది కాదు.

ఈ మేనల్లుడు, పదేళ్ల కిందట, మామయ్యకు చెప్పుల పిచ్చి ఉందని ఒక జత పంపాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఇంత మందాన అడుగు, నాలుగు రంగులు. "తొడగొద్దు మామయ్యా, పెట్టెతో సహా ఉంచు, ధర పెరుగుతుంది" అని ఫోను. సరేనని బీరువా పైన పెట్టాను. కిందటేడు పండక్కి ఇల్లు దులుపుతూ తీసి చూస్తే పైభాగం నవనవలాడుతోంది. అడుగు మాత్రం వేలితో నొక్కగానే పాత బెల్లపుగడ్డలా పొడిపొడిగా రాలింది. ఒక్క అడుగైనా నడవని బూటు అరిగిపోయింది! ఆరా తీస్తే తెలిసింది. ఆ నురుగు పదార్థాన్ని పాలియురెథేన్ అంటారు. గాలిలో తేమ ఏళ్లతరబడి అందులోకి దిగి లోపలి బంధాల్ని విడగొడుతుంది. తొడిగినా తొడగకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. వాడి పెట్టెలు ముప్ఫై పైచిలుకు ఉన్నాయి.

మా ఆవిడ లెక్కలో పంతొమ్మిదోది అదీ. ఆవిడ పెట్టెను లెక్కేస్తుంది. నేను లోపల ఏముందో చూసి లెక్కేస్తాను. కోట ఎక్కించలేకపోయాను గనక అభిప్రాయం కూడా చెప్పను.

ఇప్పుడు కిర్రు చెప్పులు. ఇంతసేపూ ఇటు రాకుండా ఎందుకు తిరిగానో నాకు తెలుసు.

ఇవి 1984లో నా పెళ్లికి కుట్టించినవి. పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. బర్రె తోలు అట్ట, మూడు వరసలు. పైన మేకతోలు. బొటనవేలికి ఉంగటం. మేకన్నది లేదు, అంతా తోలు దారంతో కుట్టే. వెనకటి రోజుల్లో తోలు బయటినుంచి వచ్చేది కాదు. ఊరిబయట లందలోనే ఊనేది. ముందు సున్నంలో నానేసి వెంట్రుక తీసి, తరవాత తంగేడు చెక్క దంచి పోసిన నీళ్లలో రోజులకు రోజులు. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. పువ్వు పళ్లెంలోకి వెళ్లింది, బెరడు లందలోకి వెళ్లింది. పువ్వు 2014లో కొత్త రాష్ట్రం రాగానే రాష్ట్ర పుష్పమైంది. బెరడు సంగతి ఎవరికీ పట్టలేదు.

కిర్రు ఎక్కణ్నుంచి వస్తుందని అడుగుతారు. అట్టల వరసలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు వచ్చే చప్పుడది. మంచి పనివాడు దాన్ని పెంచగలడు, తగ్గించగలడు. పెళ్లికొడుకు గనక పెంచమన్నాను. విమర్శకుడిగా ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. స్నీకరు వినపడకూడదని చేసింది. కిర్రు చెప్పు వినపడాలని చేసింది. మరి ఎవరి కిర్రు వినపడాలి? మా తాత గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతబట్టుకుని, ఆ గోడ దాటాక తొడుక్కునేవాడు. లోపలి నుంచి కిర్రుమంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. దొరను చూడనక్కర్లేదు, చెప్పు చాలు. ఆ చెప్పు కుట్టినవాడికి కూలి ముట్టేదా అంటే, దొరకు వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువడిన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు: తోలుపనివాళ్లు చెప్పులూ, బావి మోటలకు కావలసిన తోలు సామానూ భూస్వాములకు ఊరికే ఇవ్వాలి, మిగతా రైతులైతే ఏటా ఇంత గింజలని కొలిచేవాళ్లు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. చెప్పులు చేతబట్టే అలవాటు మా తాతకు ఆ తరవాత కూడా చాలా ఏళ్లు పోలేదు. గడీలో ఎవరూ లేకపోయినా ఆయన చెయ్యి ఆ మలుపు దగ్గర తనంత తానే కిందికి వంగేది.

ఇందుకే ఈ జత అందంగా ఉందని ఒక్క మాటలో తేల్చలేను. ఉంగటం ఒంపు చూడండి, అంచు కుట్టు చూడండి, నలభై ఏళ్ల తరవాత కూడా ఒక్క దారం పక్కకు జరగలేదు. కానీ అంత పని తెలిసిన ఆ పెద్దాయన కాళ్లకు ఏముండేవో తెలుసా? టైరు చెప్పులు. చెప్పులు తీసుకోవడానికి వెళ్లిన రోజున నేనది అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఆయన నవ్వి, "మాకు గీ కిర్రెందుకు సారూ, మమ్మల్ని ఎవ్వలినాలె?" అన్నాడు. డబ్బులు పుచ్చుకుని, జత చేతిలో పెడుతూ, "నెలకోసారన్న ఆముదం రాయుండ్రి. గివి తొడగనీకి కుట్టినయి, సూడనీకి గాదు. తొడగకుంటె తోలు అలుగుతది" అన్నాడు.

పెళ్లయ్యాక ఓ ఏడాది తొడిగాను. తరవాత ఆయన పోయాడు. బావుల మీద కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాయి. మోటలు పోతే తోలుతో ఊరికి పనిపోయింది. లంద పూడిపోయింది. ఆయన కొడుకులు గుంపు వెంట వెళ్లిపోయారు. ఇంక కుట్టేవాళ్లు లేరని తెలిశాక నాకు ఈ జత తొడగబుద్ధి కాలేదు. అరిగితే మళ్లీ రాదు గదా! గుడ్డలో చుట్టి, నెలనెలా ఆముదం రాసి, మళ్లీ చుట్టి పెట్టాను. కొన్నేళ్లకు ఆముదం కూడా ఏడాదికోసారైంది. అంటే నేనూ మేనల్లుడూ చేసింది ఒకటే. వాడు ధర కోసం, నేను జ్ఞాపకం కోసం.

స్నీకరు అడుగు పొడైన సాయంత్రం ఈ గుడ్డ విప్పాను. పైతోలు బిగిసి, ఉంగటం దగ్గర సన్నటి బీటలు. ఆయన చెప్పినట్టే అలిగింది. నాలుగు రోజులు వరసగా ఆముదం పట్టించాను. అయిదో రోజు తెల్లవారగానే తొడుక్కుని గుట్టెక్కాను. వీధిలో కిర్రుమంటుంటే అరుగు మీద ఫోను చూసుకుంటున్న కుర్రవాడు తలెత్తి, "ఏందది సార్, మీ మోకాళ్లా?" అని అడిగాడు. లేచి మాత్రం నిలబడలేదు. నాకు చాలా సంతోషం వేసింది.

దిగేటప్పుడు, బండ దాటి మెట్ల దగ్గరికొచ్చాక, కుడి ఉంగటం తెగింది. రెండో దాన్నీ విప్పి, జత చేత్తో పట్టుకుని ఊళ్లోకి నడవబోయి, ఒక్క నిమిషం అక్కడే నిలబడిపోయాను. తరవాత తెగినదాన్నే ఈడ్చుకుంటూ, కాలికి తొడుక్కునే ఇంటికొచ్చాను.

మర్నాడు వనపర్తి బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లాను. అతను జతను అటూ ఇటూ తిప్పి, అంచు కుట్టు మీద బొటనవేలితో రాసి, "ఎవల్ కుట్టిండ్రు సార్ ఇది?" అన్నాడు. చెప్పాను. ఆ ఊరి పేరు విన్నాడు గాని మనిషిని ఎరగడు.

"తోలు దారం లేదు సార్. నైలాన్‌ది ఉంది. నడుస్తదా?"

"నడుస్తది" అన్నాను.

ఇరవై రూపాయలు తీసుకున్నాడు. కుట్టు గట్టిగానే వేశాడు. కుడికాలి కిర్రు కొంచెం తగ్గింది.